ఆ రోజు గాలి లేదు

కొసాత్కినో రేవులో దిగిన ప్రతి మనిషినీ, అక్కణ్ణుంచి వెళ్ళిపోయిన ప్రతి మనిషినీ కపితొలీనా ద్రజ్దోవా ఒక్కసారైనా గాల్లోకి ఎత్తింది. అఖాతంలో లోతు చాలదు కనుక ఓడ గట్టు దాకా రావడానికి వీల్లేదు. అది దూరంగా లంగరు వేసుకుని నిలబడితే, జనం బల్లపరుపు బార్జి పడవలోకి దిగి గట్టు కిందికి వస్తారు. అక్కడ ఆరుగురేసి ఇనుప బుట్టలో నిలబడి కమ్ములు పట్టుకుంటారు. మిగతాదంతా క్రేను పని, అంటే కపితొలీనా పని. పురిటికి మెయిన్‌లాండ్ వెళ్ళే ఆడవాళ్ళను, పసిబిడ్డలతో తిరిగొచ్చే ఆడవాళ్ళను, శవపేటికలను, బడికి వచ్చిన పియానోను, ఒకసారి చూలుతో ఉన్న ఆవును కూడా ఆమె ఎత్తి దించింది. బుట్ట కాంక్రీటును తాకిన చప్పుడు ఏనాడూ వినబడలేదు. క్రేను గది అద్దంలోంచి చూసీ చూసీ ఊళ్ళో అందరి నడినెత్తులూ ఆమెకు గుర్తే.

వెనకాల ఆమెను కాపా అంటారు. ఎదుట పడితే మాత్రం, బాగా ఎరిగిన ఒకరిద్దరికి తప్ప, కపితొలీనా యెగోరోవ్నా, మీరు. ఆ మర్యాదలో భయం పాలే ఎక్కువ.

రష్యాకు తూర్పున, కురీల్ దీవుల్లో ఉత్తరపు కొసన ఉన్న ఆ ఊరు చేప కోసం పుట్టింది, చేపతోనే బతికింది. యుద్ధం ముగిసి జపాను వాళ్ళు వెళ్ళిపోయాక ఖాళీ అయిన వాళ్ళ చేప డబ్బాల ఫ్యాక్టరీలో పనిచెయ్యడానికి ప్రభుత్వం రియాజాన్ నుంచీ, కుబాన్ నుంచీ జనాన్ని తోలుకొచ్చింది. కాపా తండ్రి అలా వచ్చినవాడే. యాభై రెండులో సునామీ కెరటం వచ్చి కింది వీధిని ఇళ్ళతో సహా ఊడ్చుకుపోయింది. బతికినవాళ్ళు మెట్ట మీద కొత్త ఊరు కట్టుకున్నారు. ఫ్యాక్టరీని మాత్రం మళ్ళీ నీటి పక్కనే కట్టారు, చేప మెట్టెక్కదు కనుక. పైన నిద్ర, కింద పని. హెర్రింగు చేప ఉన్నన్నాళ్ళు ఊళ్ళో రెండు సినిమాలు ఆడేవి. హెర్రింగు తగ్గాక పొల్లాక్ చేప వచ్చింది, దాంతోనూ రోజులు గడిచాయి. అసలు నాశనం సముద్రంలోంచి రాలేదు, ఆఫీసులోంచి వచ్చింది. తొంభైలలో ఫ్యాక్టరీని కార్మికులకు వాటాలుగా పంచారు. ఏడాది తిరగకుండా ఆ వాటాలన్నీ డైరెక్టరు విసెవోలద్ చెరెమీసిన్ చేతికి చేరాయి. పిండి, పంచదార, మాంసం డబ్బాలు కరువైన చలికాలంలో వాటి గోదాము తాళం ఆయన దగ్గరే ఉండేది మరి. దొంగతనం అనడానికి వీల్లేదు, ప్రతి బదిలీ కిందా సంతకం ఉంది. ఆకలితో ఉన్నవాడు పెట్టిన సంతకాన్ని స్వేచ్ఛగా పెట్టినట్టు లెక్కగట్టే చట్టమే ఆ రోజుల్లో దేశమంతటా నడిచింది.

ఆ తర్వాత చేప ఒడ్డుకు రావడం మానేసింది. ఫ్యాక్టరీ పడవలు పట్టింది పట్టినట్టు సముద్రం మీదే విదేశీ ఓడలకు అప్పగించి వట్టి చేతులతో తిరిగొచ్చేవి. కత్తులు పట్టిన ఆడవాళ్ళకు కొయ్యడానికి చేప లేదు. కాపా భర్త రోదియన్ ద్రజ్దోవ్ అలాంటి పడవ ఒకదానికి, ‘బక్లాన్’కు, కెప్టెను.

ఆ ఊళ్ళో ఒక అలవాటు ఉండేది. సాయంత్రం పడవలు ఒడ్డుతో మాట్లాడే గంటలో ప్రతి వంటింట్లోనూ రేడియో ఆ తరంగం మీదే మోగేది. ఆడవాళ్ళు పొయ్యి మీద సూపు ఉడుకుతుండగా తమ మగవాళ్ళ గొంతులు వినేవారు. బదులు చెప్పడం కుదరదు, వినడమే. ఎవరి పడవకు వల చిరిగిందో, ఎవరికి జలుబు చేసిందో, ఎవరు తాగి ఉన్నారో ఊరందరికీ ఒకేసారి తెలిసేది.

తొంభై ఆరు నవంబరులో ఒక సాయంత్రం ఆ తరంగం మీద రోదియన్ గొంతు వినబడింది. వెనక భాగంలో నీళ్ళు దిగుతున్నాయి, పంపు ఆగకుండా తోడుతోంది, గాలి తగ్గేదాకా దక్షిణపు అఖాతంలో లంగరు మీదే ఉంటాను అన్నాడు. ఒడ్డున వాచ్ డ్యూటీలో ఉన్న రేడియో ఆపరేటరు ప్రోఖర్ లుత్సెంకో సరేనని రాసుకుంటున్నాడు. ఇంతలో మైకులోకి మరో గొంతు వచ్చింది. చెరెమీసిన్‌ది.

“రోదియన్, బయట ఓడ కాచుకుని ఉంది. అది నీ పంపు కోసం ఆగదు. లంగరు ఎత్తు.”

“విసెవోలద్ అర్కాదియెవిచ్, పడవ తట్టుకోదండీ.”

“తట్టుకోనిది పడవా, నువ్వా? ఎత్తమన్నాను. ఇది నా ఆజ్ఞ.”

కాసేపు గరగరమన్న చప్పుడు. తర్వాత రోదియన్, “సరే. విన్నాను,” అన్నాడు.

ఊరంతా వింది. మర్నాటికి ‘బక్లాన్’ లేదు, అందులోని ఏడుగురూ లేరు.

విచారణకు వచ్చిన కమిషను ముందు ఆ మాటలు విన్నవాళ్ళు ఒక్కరూ లేకపోయారు. తాను డైరెక్టరును చూడనే లేదన్నాడు ప్రోఖర్. కాపా పక్కింటి తోస్యా తన రేడియో ఆ రోజే చెడిపోయిందంది. ఒకామె అప్పుడే పసివాడికి నీళ్ళు పోస్తున్నానంది, మరొకామె నిద్రపోయానంది. విన్నానన్న మనిషి కాపా ఒక్కతే. భార్య కనుక ఆమె మాట పక్షపాతమని పక్కన పెట్టేశారు. తుఫాను హెచ్చరికను లెక్కచెయ్యకుండా, ఎవరి అనుమతీ లేకుండా, కెప్టెను తన ఇష్టం మీద బయలుదేరాడని తేల్చారు. నేరస్థుడు మరణించినందున కేసు మూసేశారు. చచ్చిపోయినవాడి మీద నేరం మోపడంలో ఉన్న సుఖం అదే, వాడు అప్పీలుకు రాడు. రేవు పైన నిలిపిన రాతి మీద మునిగిపోయిన ఆరుగురి పేర్లు చెక్కించారు. ఏడోవాడు వాళ్ళను చంపినవాడు కనుక వదిలేశారు. ఆ ఆరుగురి పిల్లలు కాపాను వీధిలో చూసి మొహం తిప్పుకుని పెరిగారు.

చెరెమీసిన్ మిగిలిన పడవలు అమ్ముకుని మెయిన్‌లాండ్ వెళ్ళిపోయాడు. అప్పటికి కాపా రేవులో సరుకుల గుమాస్తా. భర్త పోయిన రెండో ఏడు క్రేను నేర్చుకుంటానని దరఖాస్తు పెట్టింది. ఎందుకని అడిగిన పోర్టు అధికారికి, “పైనుంచి చూడాలని ఉంది,” అని మాత్రం చెప్పింది. ఆమె మనసులో ఉన్నది వేరు. అప్పట్లో ఈ ద్వీపానికి ఒకటే ద్వారం, అది ఆ కొక్కెం. వాడు ఎప్పటికైనా రాకపోడు.

ఆ లోపల, విని కూడా వినలేదన్నవాళ్ళందరినీ ఎత్తింది, దించింది. తోస్యాను ఎముక విరిగినప్పుడు స్ట్రెచరుతో సహా దూదిమూటలా దించింది. రేడియో గది మూతబడ్డాక ప్రోఖర్ రేవులోనే సంజ్ఞలిచ్చే పనిలో చేరాడు. అంటే రోజూ కాపా క్రేను కింద నిలబడి, చేతులతో ఎత్తమనీ, దించమనీ ఆమెకు చెప్పడమే అతని ఉద్యోగం. ఏళ్ళ తరబడి ఇద్దరూ చేతి సైగలతోనే మాట్లాడుకున్నారు. నోటితో ఒక్క మాట అనుకోలేదు.

రెండువేల పదిహేడు జూలైలో, మత్స్యకారుల దినం నాడు, చెరెమీసిన్ వచ్చాడు. ఇప్పుడాయన ప్రాంతీయ శాసనసభలో సభ్యుడు. కింద కొత్త ఫ్యాక్టరీ కట్టించాడు, దానికి రిబ్బను కత్తిరించాలి. పనివాళ్ళను బయటి నుంచి ఒప్పందం మీద తెస్తున్నారని, ఊరివాళ్ళకు కాపలా ఉద్యోగాలు తప్ప ఏమీ లేవని అప్పటికే తెలిసిపోయింది. అయినా జనం గట్టు మీదికి వచ్చారు. ఉచితంగా చేపసూపు పోస్తామన్నారు.

సహాయకులు మొదటి విడతలో పైకి వచ్చేశారు. ఫోటో బాగుంటుందని చెరెమీసిన్ రెండో విడతలో ఒక్కడే బుట్టెక్కాడు. అంతకన్నా పెద్ద తప్పు ఆయన జన్మలో చేసి ఉండడు. ప్రోఖర్ అరచెయ్యి పైకి తిప్పాడు. కాపా ఎత్తింది. బార్జిని దాటించింది, గట్టు ఇంకా అందదనగా నీళ్ళ మీద ఆపింది. సముద్రం నూనె పోసినట్టు కదలకుండా ఉంది. పోర్టు అధికారి భుజాన వేలాడే వాకీటాకీలోంచీ, పడవలన్నిట్లోంచీ ఆమె గొంతు ఒకేసారి వినబడింది.

“విసెవోలద్ అర్కాదియెవిచ్, నేను ద్రజ్దోవ్ భార్యను. ఆ సాయంత్రం మైకులో నా మొగుడికి ఏం చెప్పారో ఇప్పుడు చెప్పండి. గట్టిగా చెప్పక్కర్లేదు, అందరం దగ్గరే ఉన్నాం.”

బుట్టలోని మనిషి తల పైకెత్తి చూశాడు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. ప్రోఖర్ దించమని చెయ్యి ఊపాడు, మళ్ళీ ఊపాడు.

“కపితొలీనా, పిచ్చెక్కిందా? దించు,” అన్నాడు పోర్టు అధికారి.

“ప్రోఖర్, ఆయనకు గుర్తులేదేమో. నువ్వు చెప్పు. వాచ్‌లో ఉన్నది నువ్వేగా.”

ప్రోఖర్ చేతులు కిందికి జారాయి. గట్టు మీద వందల మంది, ఒక్కరూ నోరు మెదపలేదు. సూపు గిన్నెల దగ్గర గరిటె కూడా ఆగిపోయింది. కాపా ఆ నడినెత్తులన్నిటినీ చూసింది. అప్పుడూ ఇలాగే ఉండి ఉంటారు, తలలు వంచుకుని, వంటిళ్ళలో. మీటను ఒక్కసారి వదిలితే చాలు. వదల్లేదు. చచ్చినవాడు అప్పీలుకు రాడు, కానీ సాక్ష్యానికీ రాడు. ఆమెకు బతికి ఉన్న చెరెమీసిన్ కావాలి. చాలాసేపటికి, ఎప్పటిలాగే చప్పుడు కాకుండా దించింది.

చెరెమీసిన్ బుట్టలోంచి బయటికి వచ్చి, కెమెరా వైపు తిరిగి నవ్వాడు. “గాలి లేచినట్టుంది. మన వాతావరణం సంగతి తెలిసిందేగా,” అన్నాడు.

ఆ మాటను ఊరు రెండు చేతులా అందుకుంది. సాయంత్రానికి అందరూ గాలి గురించే మాట్లాడుకుంటున్నారు. చెరెమీసిన్‌కు కేసు అక్కర్లేదు. కేసైతే ఎందుకు ఆపిందని అడుగుతారు. పోర్టు అధికారికి తన ఉద్యోగం కావాలి. తోస్యా అయితే కేకు పట్టుకుని కాపా ఇంటికే వచ్చింది.

“గాలి అని చెప్పెయ్యవే కాపా. మేమంతా గాలే అంటాం. ఈసారి ఊరంతా నీ వైపే.”

“పోయినసారి ఎవరి వైపు?”

“ఇప్పుడది తవ్వకే తల్లీ.”

“నీలాంటి సాక్షి దొరకడం కష్టం తోస్యా. అప్పుడు రేడియో చెడిపోయింది, ఇప్పుడు గాలి లేచింది. కేకు పట్టుకుపో.”

మర్నాడు పొద్దున్నే కాపా పోలీసు గదికి వెళ్ళింది. అక్కడున్న ఒకే ఒక్క పోలీసు ల్యోన్యాను చిన్నప్పుడు మెయిన్‌లాండ్ బడికి పంపేటప్పుడు ఆమే బుట్టలో దించింది.

“కాపా అత్తా, ఇంటికెళ్ళు. నీ మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.”

“నేను చేస్తున్నా.”

“నీ మీద నువ్వా?”

“మనిషిని అతని ఇష్టానికి విరుద్ధంగా గాల్లో ఆపి పెట్టాను. కావాలనే చేశాను. గాలి లేదు. రాసుకో.”

“ఆయనే వద్దంటుంటే...”

“ఈ నేరానికి ఆయన ఇష్టాయిష్టాలతో పనిలేదు, నేను కనుక్కున్నాను. నువ్వు రాసుకోకపోతే నీ మీద కూడా ఫిర్యాదు పెడతాను, ఈ గదిలోనే, నీ కలంతోనే.”

ల్యోన్యా నిట్టూర్చి రాసుకున్నాడు. ఆమెను పని నుంచి తప్పించారు.

ప్రభుత్వం తరఫున ఆమెకు ఇచ్చిన వకీలు ఇన్నా చదువు ముగించి ఎన్నాళ్ళో కాలేదు. ఈమధ్యే మొదలైన హెలికాప్టరు దిగీ దిగగానే చల్లటి కబురే చెప్పింది. “నేరం ఒప్పుకుని, సాక్షుల విచారణ అక్కర్లేదని ఒక్క దరఖాస్తు పెట్టండి. అరపూటలో అయిపోతుంది. తక్కువ శిక్ష. పెన్షనుకు ఇబ్బంది ఉండదు.”

“ఒప్పుకుంటాను. దరఖాస్తు పెట్టను.”

“రెండూ ఒకటేనండీ.”

“కాదమ్మా. ఒప్పుకుంటే నేను చేశానని తేలుతుంది. ఎందుకు చేశానో తేల్చాలంటే సాక్షుల్ని పిలవాలి. అది కోర్టు బాధ్యతేనా, కాదా?”

ఇన్నా కలం కింద పెట్టింది. నేరం వెనక ఉన్న ఉద్దేశాన్ని రుజువు చెయ్యకుండా తీర్పు నిలవదని ఆమె పరీక్షల్లో రాసిందే. భర్త కేసును తిరిగి తెరవమని పెట్టిన అర్జీలన్నీ కొత్త ఆధారం లేదంటూ వెనక్కి వస్తే, ఈమె తననే నేరస్థురాలిని చేసుకుని, ఆ పాత సాయంత్రాన్ని తన నేరానికి కారణంగా కోర్టులోకి లాక్కొస్తోంది. తలుపులన్నీ మూసినవాళ్ళు ముద్దాయిలు వచ్చే తలుపు ఒక్కటి తెరిచి ఉంచారు.

“జైలు పడొచ్చు,” అంది ఇన్నా నెమ్మదిగా.

“పడనీ. వాడికి సమన్లు పంపించు.”

విచారణ సాంస్కృతిక భవనం హాల్లో జరిగింది, ఊళ్ళో కోర్టు లేదు. ప్రాసిక్యూటరు లేచి, ఎప్పటిదో పడవ ప్రమాదానికీ ఈ కేసుకూ సంబంధం లేదన్నాడు. ఇన్నా లేచి, ముద్దాయి ఉద్దేశం అదే కనుక సంబంధం ఉందంది, సెక్షను చదివింది. న్యాయమూర్తి కళ్ళద్దాలు తుడుచుకుని, అడగమన్నాడు.

సమన్లందుకుని హెలికాప్టరులో వచ్చి, బాధితుడిగా బోనెక్కిన చెరెమీసిన్, “చాలా కాలమైంది. నాకు గుర్తు లేదు,” అన్నాడు. అనలేదని అనలేదు.

తర్వాత ప్రోఖర్ వచ్చాడు. అబద్ధం చెబితే శిక్ష ఉంటుందని చదివి వినిపిస్తుంటే తన అరచేతుల్ని చూసుకుంటూ నిలబడ్డాడు.

“ఆ సాయంత్రం మీరు వాచ్‌లో ఉన్నారా?”

“ఉన్నాను.”

“మైకులో ఇంకెవరైనా మాట్లాడారా?”

“నా చేతిలోంచి లాక్కున్నాడు. లంగరు ఎత్తమన్నాడు. రెండుసార్లు. ఆజ్ఞ అన్నాడు.”

“అప్పటి విచారణలో ఎందుకు చెప్పలేదు?”

“ఫ్యాక్టరీ ఇంట్లో ఉండేవాణ్ణి. పిల్లలిద్దరు.”

హాల్లో ఎవరో ముక్కు చీదారు. తోస్యాను పిలిచారు. ఆమె కాపా వైపు చూసి, వెంటనే కళ్ళు తిప్పుకుంది.

“నా రేడియో బాగానే ఉండేది. ఇప్పటికీ ఉంది. ‘విన్నాను’ అన్నాడు రోదియన్. అదే చివరి మాట. సూపు పొంగి పొయ్యి ఆరిపోయింది, అందుకే గుర్తు.”

ఆ తర్వాత వరసగా వచ్చారు. పసివాడికి నీళ్ళు పోస్తున్నానన్న ఆమె, నిద్రపోయానన్న ఆమె. మునిగినవాళ్ళ భార్యలు ఇద్దరు వచ్చారు, తమ మగవాళ్ళను ఎవరు చంపారో తెలిసి కూడా ఇన్నేళ్ళూ ఊరుకున్నవాళ్ళు. వాళ్ళకు ఇప్పుడు ధైర్యం వచ్చిందనుకుంటే పొరపాటు. కొత్త ఫ్యాక్టరీ వాళ్ళకు ఏమీ ఇవ్వబోవడం లేదు. మౌనాన్ని కొనేవాడు లేకపోతే దాన్ని ఇంట్లో దాచుకుని ఏం చేసుకుంటారు? కాపాకు అది తెలుసు. ఒక్కొక్కరూ చెప్పి దిగుతూ ఉంటే, ఆమె వాళ్ళను కృతజ్ఞతతో చూడలేదు. ఆలస్యంగా వచ్చిన సరుకును దించుకునేటప్పుడు చూసినట్టు చూసింది.

తీర్పు చదివేటప్పుడు ఆమె లేచి నిలబడింది. నేరం రుజువైంది. కొంతకాలం ఊరు దాటకూడదు, రెండేళ్ళు క్రేను ఎక్కకూడదు. ఆ మధ్యలో, న్యాయమూర్తి మిగతా వాక్యాలు చదివినంత చప్పగానే, ఒక వాక్యం చదివాడు. కెప్టెను ద్రజ్దోవ్ అభ్యంతరం చెప్పినప్పటికీ, పాడైన పడవను తుఫానులోకి పంపిస్తూ బాధితుడు రేడియోలో ఇచ్చిన ఆజ్ఞకు ప్రతీకారంగా ముద్దాయి ఈ చర్యకు పాల్పడినట్టు న్యాయస్థానం నిర్ధారిస్తోంది. ఇన్నా ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఈ వాక్యంతో రోదియన్ కేసు తెరిపించడానికి అర్జీ అప్పటికే ఆమె సంచిలో తయారుగా ఉంది. చెరెమీసిన్ వకీలు అప్పీలు చెయ్యలేడు కూడా. తన మనిషిని గాల్లో ఆపిన ఆడదానికి శిక్ష పడిందని ఏమని అప్పీలు చేస్తాడు?

బయట మెట్ల మీద తోస్యా చేతులు చాచి ఎదురొచ్చింది. “కాపా, చెప్పాను కదే, చెప్పేశాను.”

“విన్నాను,” అని కాపా ఆమె పక్కనుంచి నడిచి వెళ్ళిపోయింది.

ఆ రాత్రే పొగమంచు దిగింది. హెలికాప్టరు ఎగరలేదు. మూడో నాటికి ఓడ వచ్చి దూరాన నిలబడింది గానీ, కాపా బదులు మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన కుర్రవాడికి సరుకెత్తే అనుమతే ఉంది, మనుషుల్ని ఎత్తేది లేదు. జనం గట్టుకు వేలాడే తాళ్ళ నిచ్చెన మీద బార్జిలోకి దిగుతున్నారు. చెరెమీసిన్ బరువుకూ, మోకాళ్ళకూ ఆ నిచ్చెన కుదరదు. అతిథి గృహంలో ఆయనకు టీ పట్టుకెళ్ళే మనిషి కప్పు బల్ల మీద పెట్టి మాట్లాడకుండా వచ్చేస్తోంది. దుకాణంలో ఆయన ముందు వరస దానంతటదే చెదిరిపోతోంది. తీర్పు ఇంకా అమల్లోకి రాలేదు కనుక, ఒక్క పూటకు కపితొలీనాను పనిలోకి తీసుకుంటానని పోర్టు అధికారి అన్నాడు. చట్ట ప్రకారం అది తప్పు కాదు. ఆమె ఒప్పుకోవాలి, అంతే.

మధ్యాహ్నం చెరెమీసిన్ స్వయంగా వచ్చి తలుపు తట్టాడు. టోపీ చేతిలో ఉంది, భుజాలు మంచుకు తడిశాయి.

“కపితొలీనా యెగోరోవ్నా, ఓడ సాయంత్రం వెళ్ళిపోతుంది.”

“తెలుసు.”

“మీకు కావలసింది కోర్టులో దొరికింది కదా. ఇంక నన్ను పోనివ్వండి.”

“నేను పట్టుకోలేదే. ఈసారి నిజంగానే వాతావరణం.”

ఆయన వీధికి రెండు వైపులా చూశాడు. ఎవరూ లేరు. గొంతు బాగా తగ్గించాడు.

“చెప్పాను. లంగరు ఎత్తమని చెప్పాను. చాలా?”

ఆ మాట కోసం ఆమె దాదాపు ఇరవై ఏళ్ళు ఆ గాజు గదిలో కూర్చుంది. తీరా చెవిన పడ్డాక, అందులో తనకు తెలియనిదేదీ కనబడలేదు.

“నేను ఆ రోజే విన్నాను,” అంది. “ఇప్పుడు నువ్వు నాకు చెప్పడానికి రాలేదు, ఓడ కోసం వచ్చావు. నిచ్చెన గట్టుకు ఎడమ వైపున ఉంది.”

తలుపు వేసి గడియ పెట్టింది. మెట్ల మీద ఆయన ఇంకా నిలబడి ఉన్నాడని చెక్కల కిర్రుతో తెలుస్తూనే ఉంది. కాపా వెళ్ళి బంగాళదుంపల తొక్క తియ్యడం మొదలుపెట్టింది. సాయంత్రం ఓడ కూత వేసి వెళ్ళిపోయింది. చెరెమీసిన్ అందులో లేడు.